చంటిబిడ్డకు విటమిన్ చుక్కలు: ఏది, ఎందుకు, ఎంత

కాన్పయిన మూడో రోజునో నాలుగో రోజునో ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరే బాలింతకు డాక్టరు రెండు మాటలు చెప్పి పంపుతారు. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లయినా పట్టవద్దన్నది మొదటి మాట. చీటీలో రాసిన విటమిన్ డి చుక్కలు రోజూ వేయాలన్నది రెండోది. ఇంటికి చేరగానే అమ్మమ్మ అడిగే ప్రశ్న న్యాయమైనదే: తల్లిపాలలో అన్నీ ఉంటాయని చెప్పిన నోటితోనే ఈ సీసా ఎందుకు రాసినట్టు?

ఆ ప్రశ్నకు జవాబు దొరికేలోపే మరికొన్ని సీసాలు వచ్చి చేరతాయి. తొమ్మిదో నెలలో టీకాకు తీసుకెళ్తే ఏఎన్ఎం చిన్న చెంచాతో నోట్లో పసుపుపచ్చటి మందు పోస్తుంది. ఆశా కార్యకర్త ఇనుము సిరప్ ఇచ్చి వెళ్తుంది. బిడ్డ సన్నగా ఉన్నాడని ఎవరో అన్నందుకు మందుల షాపులోంచి మల్టీవిటమిన్ వస్తుంది. ఈలోపు లండన్‌లో ఉన్న ఆడపడుచు ఫోను చేసి అక్కడ ఎ, సి, డి మూడూ ఐదేళ్ల దాకా ఇస్తారని చెబుతుంది. డాలస్‌లో ఉన్న పిన్ని కూతురు మాత్రం డి ఒక్కటి చాలునంటుంది. చిత్రమేమంటే వీళ్లలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదారు పదార్థాలను మనం "విటమిన్ చుక్కలు" అనే ఒకే పేరుతో పిలుస్తున్నాం, చిక్కంతా అక్కడే వచ్చింది. ఒక్కోదానికి కారణం వేరు, వయసు వేరు, మోతాదు వేరు, దాటకూడని హద్దు కూడా వేరు.

ముందుగా కొన్ని మాటలకు అర్థాలు

శరీరానికి అతి కొద్ది పరిమాణంలోనే అవసరమైనా, శరీరం తనంతట తాను తగినంత తయారుచేసుకోలేని పోషకాలను విటమిన్లు అంటారు. డి దీనికి కొంత మినహాయింపు, ఎందుకంటే చర్మం మీద తగిన ఎండ పడితే అది ఒంట్లోనే తయారవుతుంది. ఇనుము, కాల్షియం, జింకు విటమిన్లు కావు, ఖనిజాలు. అయినా అవి కూడా అలాంటి సీసాల్లోనే వస్తాయి కాబట్టి వాటినీ ఇక్కడ చెప్పుకోక తప్పదు.

విటమిన్లలో బి, సి నీటిలో కరుగుతాయి. అవి అవసరానికి మించితే చాలావరకు మూత్రంలో బయటికి పోతాయి. ఎ, డి, ఇ, కె కొవ్వులో కరుగుతాయి. వీటిలో ఎ ముఖ్యంగా కాలేయంలోనూ, డి ముఖ్యంగా ఒంటి కొవ్వులోనూ నిల్వ ఉండిపోతాయి. విటమిన్ ఎ ఆరు నెలలకొకసారి వేస్తే సరిపోవడానికి ఈ నిల్వగుణమే కారణం. మోతాదు మించితే ప్రమాదం వచ్చేదీ దానివల్లనే.

నివారణ మోతాదు, చికిత్స మోతాదు అని మరో తేడా ఉంది. జబ్బు రాకుండా రోజూ ఇచ్చే కొద్దిపాటిది నివారణ మోతాదు. జబ్బు వచ్చాక కొంతకాలం పాటు, రక్తపరీక్షలు చూసుకుంటూ ఇచ్చేది చికిత్స మోతాదు. ఏడాదిలోపు బిడ్డకు విటమిన్ డి నివారణ మోతాదు రోజుకు 400 యూనిట్లయితే, ఎముకలు మెత్తబడే రికెట్స్ వ్యాధికి చికిత్స మోతాదు రోజుకు 2,000 యూనిట్లు, అదీ కనీసం మూడు నెలలు. పక్కింటి బిడ్డ చీటీ చూసి మన బిడ్డకు లెక్క కడితే పొరపడేది ఈ తేడా దగ్గరే.

ఇక ఐయూ. అంతర్జాతీయ యూనిట్లు అన్న మాటకు ఇది పొట్టిపేరు. ఇది బరువును కొలిచేది కాదు, శరీరంలో ఆ పదార్థం చూపే ప్రభావాన్ని కొలిచేది. అందుకే ఒక విటమిన్ యూనిటుకూ మరో విటమిన్ యూనిటుకూ పోలిక లేదు. 400 ఐయూల విటమిన్ డి బరువు 10 మైక్రోగ్రాములు. అదే 400 ఐయూల విటమిన్ ఎ బరువు 120 మైక్రోగ్రాములు. ప్రభుత్వ కార్యక్రమంలో రెండు లక్షల యూనిట్ల ఎ వేశారని విన్న తండ్రి, డి చుక్కలు రోజుకు నాలుగు వందలేనా అని ఆశ్చర్యపోతే, ఆయన గజాలనూ శేర్లనూ పోలుస్తున్నట్టు.

కాన్పుగదిలోనే పడే కె సూది

చాలామంది తల్లిదండ్రులకు గుర్తు కూడా ఉండని విటమిన్ ఇది. పుట్టిన కాసేపటికే బిడ్డ తొడకు ఒక చిన్న సూది వేస్తారు, అందులో ఉండేది ఒక మిల్లీగ్రాము విటమిన్ కె. కిలో కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు అందులో సగం. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రతి నవజాత శిశువుకూ దీన్ని ఇవ్వాలని మార్గదర్శకాలు ఇచ్చింది.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రొటీన్లు తయారుకావాలంటే విటమిన్ కె ఉండాలి. డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్, కొవ్వులేని మేత తిన్న కోడిపిల్లలకు రక్తస్రావం ఆగకపోవడం గమనించి దీని ఉనికిని పట్టుకున్నాడు. గడ్డకట్టడం అనే అర్థమున్న వాళ్ల మాటలోని మొదటి అక్షరమే దీని పేరైంది. తల్లి గర్భంలో ఉండగా ఈ విటమిన్ బిడ్డకు చాలా కొద్దిగా చేరుతుంది, తల్లిపాలలోనూ తక్కువే. దీన్ని తయారుచేసే బ్యాక్టీరియా పసిబిడ్డ పేగుల్లో ఇంకా కుదురుకోదు. ఈ లోటు వల్ల అరుదుగా కొందరికి మొదటి వారంలో బొడ్డు దగ్గరో పేగుల్లోనో రక్తం కారుతుంది. మరింత అరుదుగా రెండో వారం నుంచి ఆరు నెలల లోపు ఏ సూచనా లేకుండా మెదడులో రక్తస్రావమవుతుంది. అరుదైనదే అయినా, వచ్చాక వెనక్కి తీసుకోలేని నష్టం కాబట్టి అందరికీ ఇస్తారు.

1990ల మొదట్లో బ్రిటన్‌లో ఒక అధ్యయనం ఈ సూదికీ బాల్య క్యాన్సర్‌కూ సంబంధం ఉండవచ్చని అనడంతో పెద్ద అలజడి రేగింది. ఆ తర్వాత వివిధ దేశాల్లో మరింత పెద్ద సంఖ్యలో పిల్లలను పరిశీలించిన అధ్యయనాల్లో ఆ సంబంధం రుజువు కాలేదు. ఆ పాత అనుమానం మాత్రం ఇప్పటికీ అక్కడక్కడా తిరుగుతూనే ఉంది.

అమ్మమ్మ ప్రశ్నకు జవాబు: తల్లిపాలు, ఎండ, విటమిన్ డి

తల్లిపాలు సంపూర్ణాహారమన్న మాట అబద్ధం కాదు. అయితే ప్రకృతి ఏర్పాటులో విటమిన్ డి పాల ద్వారా రావలసింది కాదు, ఎండ ద్వారా రావలసింది. లీటరు తల్లిపాలలో ఇది సాధారణంగా వంద యూనిట్లకు లోపే ఉంటుంది. బిడ్డ రోజుకు ముప్పావు లీటరు తాగినా అందేది కావలసిన 400 యూనిట్లలో చిన్న భాగమే. తల్లికే డి లోపం ఉంటే అది కూడా అందదు. మన దేశంలో గర్భిణులలో ఈ లోపం చాలా సాధారణం.

మరి ఎండ మాటేమిటి? తెలుగిళ్లలో పసిబిడ్డకు నలుగు పెట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసే ముందో తర్వాతో లేత ఎండలో కాసేపు ఒళ్లో పడుకోబెట్టుకోవడం ఉంది. ఆ అలవాటు హాయిగానే ఉంటుంది గాని, విటమిన్ డి విషయంలో దాని వల్ల ఒరిగేది తక్కువ. చర్మంలో ఈ విటమిన్ తయారయ్యేది సూర్యకాంతిలోని అతినీలలోహిత బి కిరణాల వల్ల. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు ఆ కిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించవలసి వచ్చి చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఈ విషయాన్ని మన దగ్గరే కొలిచి చూశారు. తిరుపతిలో జరిగిన పరిశోధనల్లో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య ఎండలోనే విటమిన్ డి తయారీ ఎక్కువగా జరుగుతుందని తేలింది. ఏడాది పొడుగునా ఎండ కాసే ఆ ప్రాంతంలోనే, పల్లెల్లోనూ పట్నంలోనూ పెద్దవాళ్లలో సైతం డి లోపం విస్తారంగా కనిపించడం ఆ పరిశోధనల్లో బయటపడిన మరో సంగతి. చామనఛాయ చర్మంలోని వర్ణకం ఆ కిరణాలను కొంత అడ్డుకుంటుంది కాబట్టి మనకు ఎక్కువసేపు ఎండ కావాలి. మే నెల మిట్టమధ్యాహ్నం నెలల బిడ్డను ఆరుబయట పడుకోబెట్టమని ఎవరూ చెప్పరు. ఆరు నెలల లోపు పిల్లలను నేరుగా ఎండలో ఉంచకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం అంటుంది. అటు ఎండా చాలక, ఇటు పాలూ చాలక మిగిలే ఖాళీని పూడ్చడానికే చుక్కల మందు వచ్చింది.

భారత పిల్లల వైద్యుల సంఘం ఏడాది నిండేదాకా పిల్లలందరికీ రోజుకు 400 యూనిట్లు సిఫారసు చేస్తోంది. అమెరికా సంఘం 2003లో 200 యూనిట్లు చాలనుకుని, 2008లో దాన్ని 400కు పెంచింది. పూర్తిగా డబ్బాపాలు తాగే బిడ్డ సంగతి వేరు. డబ్బాపాలలో విటమిన్ డి కలిపే ఉంటుంది కాబట్టి, తగినంత తాగే బిడ్డకు విడిగా అవసరం రాకపోవచ్చు. "తగినంత" అంటే ఎంత అనే దగ్గర మాత్రం దేశానికో లెక్క ఉంది: బ్రిటన్‌లో రోజుకు అర లీటరు, అమెరికాలో దాదాపు లీటరు.

బిడ్డకు కాకుండా తల్లికే ఇస్తే సరిపోదా అనే వాదన కూడా ఉంది, అది తీసిపారేయదగినది కాదు. 2015లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, పాలిచ్చే తల్లులు రోజుకు 6,400 యూనిట్లు తీసుకున్నప్పుడు వారి బిడ్డల రక్తంలో డి స్థాయి, నేరుగా 400 యూనిట్లు పొందిన బిడ్డలతో సమానంగా ఉంది. తల్లి లోపం కూడా తీరుతుందనేది దీని ఆకర్షణ. అంత మోతాదును ఏ పర్యవేక్షణా లేకుండా లక్షలమందికి ఇవ్వగలమా అనేది సందేహం. అందుకే ఇప్పటికీ సంఘాల సిఫారసు బిడ్డకు చుక్కల వైపే ఉంది.

ఇక్కడ ఒక పక్కమాట. కాళ్లు వంకరగా కనబడగానే డి లోపం అనుకోనక్కర్లేదు. నడక నేర్చే వయసులో పిల్లల కాళ్లు కొంత దొడ్డిగా ఉండటం మామూలే, రెండేళ్లు దాటాక చాలావరకు సర్దుకుంటాయి. నల్లగొండ వంటి ఫ్లోరైడ్ నీటి ప్రాంతాల్లో ఒక తరం పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడానికి నీళ్లలోని ఫ్లోరైడ్ ముఖ్య కారణమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1970లలోనే గుర్తించింది.

డ్రాపర్ మీది గీత దగ్గర జరిగే పొరపాట్లు

విటమిన్ డి చుక్కల విషయంలో నా దృష్టిలో అసలు ప్రమాదం మందులో లేదు, కొలతలో ఉంది. మన మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 400 యూనిట్ల సీసాలూ, 800 యూనిట్ల సీసాలూ పక్కపక్కనే ఉంటాయి, అట్టపెట్టెల మీద బొమ్మలు కూడా ఇంచుమించు ఒకటే. డాక్టరు 400ను మనసులో పెట్టుకుని "ఒక ఎంఎల్" అని రాశారనుకుందాం. ఆ కంపెనీ లేదని షాపతను 800 ఇస్తే, బిడ్డకు రోజూ రెట్టింపు పడుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు అమెరికా నిపుణులు పెట్టిన గరిష్ఠ హద్దు రోజుకు 1,000 యూనిట్లు. అంటే ఈ పొరపాటు హద్దు దాటలేదు, కానీ హద్దుకు బాగా దగ్గరికి వచ్చింది. పైన మరో మల్టీవిటమిన్‌లోని 400 కూడా తోడైతే 1,200. హద్దు దాటినట్టే.

మా ఇంట్లో ఒకసారి ఇలాంటిదే జరిగింది. పాపకు రెండు చుక్కల మందులుండేవి, రెండింటి డ్రాపర్లూ వేడినీళ్లలో కడిగి పళ్లెంలో ఆరబెట్టాం. ఒకదాని పై గీత ఒక మిల్లీలీటరు, మరోదాని పై గీత అర మిల్లీలీటరు. రబ్బరు తొడుగులు రెండూ ఒకే రంగు. మూడు రోజుల తర్వాత సీసా త్వరగా ఖాళీ అవుతోందని గమనించాక గాని అవి తారుమారైన సంగతి తెలియలేదు. పాపకేమీ కాలేదు. 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, బిడ్డలకిచ్చే డి మందుతో వచ్చే డ్రాపర్‌లో 400 యూనిట్లకు మించి పట్టకూడదని హెచ్చరించడానికి కారణం సరిగ్గా ఇలాంటి పొరపాట్లే.

పెద్ద ప్రమాదం మరోచోట ఉంది. పెద్దవాళ్లకు వారానికొకసారి చొప్పున రాసే 60,000 యూనిట్ల విటమిన్ డి, పొడి పొట్లాలుగానూ, ఐదు మిల్లీలీటర్ల చిన్న సీసాలుగానూ దొరుకుతుంది. దాన్ని పొరపాటున బిడ్డకు ఒక్కసారి పోస్తే 150 రోజుల మోతాదు ఒక్క గుక్కలో పడినట్టు. రోజుకొకటి చొప్పున పది రోజులు పోస్తే ఆరు లక్షల యూనిట్లు, అంటే నాలుగేళ్లకు పైగా సరిపడేది. ఇలా జరిగి పిల్లలు ఆసుపత్రి పాలైన సంఘటనలు భారతీయ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. వాంతులు, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం, పాలు తాగకపోవడం, బరువు తగ్గడం కనిపిస్తాయి. మూత్రపిండాల్లో కాల్షియం పేరుకోవచ్చు.

ఇది కొత్త కథ కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌లో పిల్లల పాలపొడిలోనూ ధాన్యపు పొడుల్లోనూ విటమిన్ డి కలిపి, అది చాలదన్నట్టు కాడ్ లివర్ నూనె కూడా పంచారు. 1950ల తొలినాళ్లలో పసిపిల్లల్లో అధిక కాల్షియం కేసులు వరుసగా బయటపడటంతో ఆ మోతాదులు తగ్గించారు. అందరు పిల్లలూ ఒకే ఆహారం తీసుకుంటే కొందరికే ఎందుకు వచ్చిందనే ప్రశ్నకు 2011లో కొంత జవాబు దొరికింది. విటమిన్ డిని విరిచి బయటికి పంపే ఒక ఎంజైము జన్యువులో లోపమున్న పిల్లలకు, మిగతా పిల్లలు సులభంగా అరిగించుకునే మోతాదు కూడా ఎక్కువే అవుతుంది.

పదిహేడు లక్షల యూనిట్ల విటమిన్ ఎ, దాని చుట్టూ నడుస్తున్న వాదం

తొమ్మిదో నెలలో తట్టు, రుబెల్లా టీకాతో పాటు పోసే మందులో ఒక లక్ష యూనిట్ల విటమిన్ ఎ ఉంటుంది. ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకొకసారి రెండు లక్షలు, మొత్తం ఎనిమిది సార్లు. మొదటి లక్షతో కలిపి తొమ్మిది మోతాదుల్లో పదిహేడు లక్షల యూనిట్లు.

అంత పెద్ద అంకె ఎందుకో లెక్కవేస్తే తెలుస్తుంది. రెండు లక్షల యూనిట్లంటే బరువులో 60 మిల్లీగ్రాములు, అంటే 60,000 మైక్రోగ్రాములు. ఒకటి నుంచి మూడేళ్ల బిడ్డకు మన దేశ ప్రమాణం ప్రకారం రోజుకు కావలసింది 390 మైక్రోగ్రాములు. భాగిస్తే దాదాపు 154 రోజులు, అంటే ఐదు నెలలు. మింగినదంతా ఒంట పట్టదు గాని, కాలేయంలో చేరిన నిల్వ కొన్ని నెలలు ఆదుకుంటుందన్నదే ఆరు నెలల ఎడం వెనక ఉన్న ఆలోచన. మందు పోశాక కొందరు పిల్లలకు ఒకటి రెండు రోజులు వాంతులు, తలనొప్పి రావడం, చంటిపిల్లలకు మాడు కొద్దిగా ఉబ్బి తగ్గడం తెలిసిన సంగతులే.

ఈ కార్యక్రమం 1970లో మొదలైంది, దాని మూలాలు హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల్లో ఉన్నాయి. ఆ రోజుల్లో సంధ్యవేళ గడప తట్టుకుని పడిపోయే రేచీకటి పిల్లలు, కంటి నల్లగుడ్డు మెత్తబడి చూపు పోయిన పిల్లలు ఆసుపత్రులకు తరచుగా వచ్చేవారు. అప్పటి లక్ష్యం అంధత్వ నివారణ ఒక్కటే.

1986లో ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో జరిగిన అధ్యయనం ఈ చిత్రాన్ని మార్చేసింది. విటమిన్ ఎ పొందిన ఊళ్లలో పిల్లల మరణాలు 34 శాతం తగ్గాయని అది చెప్పింది. 1990లో తమిళనాడులో వారం వారం చిన్న మోతాదులతో చేసిన అధ్యయనంలో తగ్గుదల 54 శాతం. కానీ అదే ఏడాది వెలువడిన హైదరాబాద్ పరిసర గ్రామాల అధ్యయనంలో, మందు పొందినవారికీ పొందనివారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లో పది లక్షలమంది పిల్లలతో జరిగి 2013లో ప్రచురితమైన అధ్యయనంలో తగ్గుదల 4 శాతమే, అది యాదృచ్ఛికం కావచ్చునన్నంత స్వల్పం. అన్నింటినీ కలిపి చూసినవారు సుమారు 12 శాతం తగ్గుదల ఉంటుందని అంచనా వేశారు. వీటిని ఒకదానికొకటి విరుద్ధమైన ఫలితాలుగా చూడటం కంటే, లోపం తీవ్రంగా ఉండి తట్టు టీకాలు అందని చోట మందు ఎక్కువ ప్రాణాలు నిలిపిందని, పరిస్థితి మెరుగైన చోట దాని ప్రభావం పలచబడిందని చదువుకోవడం సబబుగా తోస్తుంది.

ఇప్పటి వాదం అక్కడి నుంచే మొదలవుతుంది. 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో విటమిన్ ఎ లోపమున్నవారు దాదాపు 18 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్ర ప్రజారోగ్య సమస్యగా లెక్కించే గీత 20 శాతం. కాబట్టి అందరికీ పోయడం మాని, లోపం ఎక్కువగా ఉన్న రాష్ట్రాలకే పరిమితం చేయాలని కొందరు పోషకాహార శాస్త్రవేత్తలు అంటున్నారు. దేశ సగటు వెనక దాగిన పేద కుటుంబాలను, ఆదివాసీ గూడేలను ఆ సగటు చూపించదని, ఆపితే మొదట నష్టపోయేది వాళ్లేనని మరికొందరి వాదన. రెండు పక్షాలూ ఒకే సర్వేను పట్టుకుని మాట్లాడుతున్నాయి.

ఇనుము: విటమిన్ కాదు, కానీ కొరత ఎక్కువ దీనికే

తల్లిపాలలో ఇనుము తక్కువ, అయితే ఉన్నది బాగా ఒంటబడుతుంది. అసలు ఆధారం పుట్టుకతో తెచ్చుకున్న నిల్వ, అది దాదాపు ఆరు నెలల దాకా వస్తుంది. బొడ్డుతాడును వెంటనే కాకుండా ఒకటి రెండు నిమిషాలాగి కోస్తే ఆ నిల్వ పెరుగుతుంది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు నిల్వ తక్కువ కాబట్టి డాక్టర్లు ముందుగానే చుక్కలు మొదలుపెడతారు. అన్నప్రాశన తర్వాత మన ఇళ్లలో పెట్టే మెత్తటి అన్నం, పప్పుకట్టు, పాలు అన్నీ ఇనుము తక్కువగా ఉన్నవే.

2018లో మొదలైన రక్తహీనత రహిత భారత్ కార్యక్రమంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు సిరప్ ఇస్తారు. అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 50 మిల్లీలీటర్ల సీసా వారానికి రెండు చొప్పున 25 వారాలు వస్తుంది. రెండు నెలల్లోనే సీసా అయిపోయిందంటే మోతాదు ఎక్కడో మించిందని ఈ లెక్కే చెబుతుంది. మలం నల్లబడటం మామూలే. జ్వరం, విరేచనాలు ఉన్న రోజుల్లో దీన్ని ఆపుతారు, తలసీమియా అనే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు అసలు ఇవ్వరు.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67 శాతం, తెలంగాణలో 70, ఆంధ్రప్రదేశ్‌లో 63. దానికి రెండు మూడేళ్ల ముందటి సమగ్ర పోషకాహార సర్వేలో మాత్రం, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో, ఇది 41 శాతమే. మధ్యలో పిల్లలు అంతగా దిగజారిపోలేదు. కుటుంబ ఆరోగ్య సర్వే వేలికొన నుంచో మడమ నుంచో పిండిన చుక్క రక్తాన్ని చేతి యంత్రంతో పరీక్షించింది, పోషకాహార సర్వే సిర నుంచి తీసిన రక్తాన్ని ప్రయోగశాలలో పరీక్షించింది. దీనికితోడు 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెండేళ్లలోపు పిల్లలకు రక్తహీనత గీతను డెసిలీటరుకు 11 గ్రాముల నుంచి 10.5కు దించింది. అంటే నిన్న రక్తహీనులైన కొందరు పిల్లలు ఒక్క చుక్క మందు తాగకుండానే ఆ జాబితాలోంచి బయటికొచ్చారు.

అందరికీ ఇనుము ఇవ్వడంలోనూ ఒక మెలిక ఉంది. జాంజిబార్‌కు చెందిన పెంబా దీవిలో, మలేరియా ఎక్కువగా ఉన్నచోట, పరీక్షించకుండా పిల్లలందరికీ ఇనుము ఇచ్చినప్పుడు ఆసుపత్రి చేరికలు, మరణాలు పెరిగాయని 2006లో తేలింది. మలేరియా ఉన్న ప్రాంతాల్లో, మన ఏజెన్సీ గ్రామాల వంటి చోట్ల, జ్వరాల నివారణ, చికిత్స తోడుగా ఉండాలనే షరతు అందుకే వచ్చింది.

బి12: తల్లి కంచంలో మొదలయ్యే కథ

ఈ విటమిన్ సహజంగా మాంసం, చేపలు, గుడ్లు, పాలు వంటి జంతు సంబంధ ఆహారంలోనే దొరుకుతుంది. పూర్తి శాకాహారి అయిన తల్లి, పాలూ పెరుగూ కూడా అంతంతమాత్రంగా తీసుకుంటే, ఆమె పాలలోనూ బి12 తక్కువే ఉంటుంది. అలాంటి తల్లుల బిడ్డలు చూడటానికి బొద్దుగానే ఉంటారు. అయినా ఆరు నెలలు దాటాక నవ్వడం, బోర్లాపడటం, కూర్చోవడం వంటి వచ్చిన పనులే వెనక్కిపోతాయి. వేళ్ల కణుపులు నల్లబడతాయి, కొందరికి తల, చేతులు వణుకుతాయి. పిల్లల డాక్టర్లు దీన్ని శిశు వణుకు వ్యాధి అని గుర్తుపడతారు. ఇక్కడ అవసరమయ్యేది షాపులో దొరికే సాధారణ చుక్కలు కావు, వెంటనే చికిత్స, తల్లికీ బిడ్డకూ.

లండన్ మాట, డాలస్ మాట, షాపు మాట

ఇప్పుడు ఆడపడుచు మాటకు వద్దాం. బ్రిటన్‌లో తల్లిపాలు తాగే బిడ్డకు పుట్టినప్పటి నుంచి 8.5 నుంచి 10 మైక్రోగ్రాముల డి, ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా ఎ, సి, డి మూడూ సిఫారసు చేస్తారు. అక్టోబరు నుంచి మార్చి దాకా అక్కడి ఎండలో డి తయారుకాదు, అక్కడి మామూలు పాలలో డి కలపరు. తిండి దగ్గర పేచీపెట్టే వయసులో ముందుజాగ్రత్తగా ఎ, సి చేర్చారు. అమెరికాలో దుకాణంలో కొనే పాలలో దశాబ్దాలుగా డి కలుపుతున్నారు, మామూలు తిండి తినే ఆరోగ్యవంతమైన పిల్లలకు మల్టీవిటమిన్ అక్కర్లేదని అక్కడి పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. రెండూ ఆయా దేశాల ఎండకూ పాల సీసాకూ కుదిరిన సలహాలు.

షాపు మాట వేరు. "పిల్లాడు తినట్లేదు, బలానికేమైనా ఇవ్వండి" అన్నదానికి బదులుగా వచ్చే సీసాలో ఉండేది చాలాసార్లు బి కాంప్లెక్సు, కాస్త ఎ, డి, కొద్దిగా జింకు. వీటిలో ఏదో ఒకదాని లోపం వల్లనే ఆకలి మందగించి ఉంటే అది తీరవచ్చు, లేకపోతే వీటివల్ల ఆకలి పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆకలి మందుల్లో కొన్నింటిలో ఉండేది అసలు విటమినే కాదు, సైప్రోహెప్టడిన్ అనే అలర్జీ మందు. దానితో ఆకలి పెరగడం నిజమే, మగత రావడం కూడా నిజమే. ఏడాది దగ్గరికొచ్చినా పన్ను రాలేదని కాల్షియం పోయడం మరో అలవాటు. మొదటి పన్ను ఆరో నెలలో రావచ్చు, ఏడాది దాటాకా రావచ్చు. ఆ సమయం ఎక్కువగా వంశాన్ని బట్టి ఉంటుంది, నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతమైన బిడ్డకు కావలసిన కాల్షియం పాలలోనే ఉంది.

అన్నీ కలిపితే ఎంతవుతుంది

కరీంనగర్‌లో పద్నాలుగు నెలల పాపను ఊహించుకుందాం. అంగన్‌వాడీ నుంచి నెలకు రెండున్నర కిలోల బాలామృతం వస్తుంది, గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెతో చేసిన ఆ పిండిలో విటమిన్లు, ఖనిజాలు కలిపి ఉంటాయి. ఇంటికొచ్చే పాల ప్యాకెట్టు మీద ఎఫ్ అక్షరం పక్కన ప్లస్ గుర్తు ఉంటే అందులో ఎ, డి కలిపారన్నమాట. వంటనూనెలోనూ అంతే. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్ల ఎ పడింది, పదహారో నెలలో రెండు లక్షలు పడతాయి. దీనిపైన ఇంట్లో మల్టీవిటమిన్. ఒకటి నుంచి మూడేళ్ల వయసుకు రెటినాల్ రూపంలోని, అంటే మందుల్లోనూ కలిపిన ఆహారాల్లోనూ ఉండే, విటమిన్ ఎకు రోజువారీ గరిష్ఠ హద్దు 600 మైక్రోగ్రాములు, అవసరం 390. ఆ రెండు అంకెల మధ్య ఎడం ఎంత చిన్నదో చూస్తే, విటమిన్లు కలిపిన ఆహారాలన్నీ ఒకే బిడ్డ కంచంలోకి చేరే చోట్ల హద్దు దాటవచ్చని శాస్త్రవేత్తలు ఎందుకంటున్నారో అర్థమవుతుంది. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండులోని ఎ ఈ లెక్కలోకి రాదు. అది వేరే రూపంలో ఉంటుంది, శరీరం తనకు కావలసినంతే మార్చుకుంటుంది.

అదే పాప తల్లి నెలకు ఇరవై రోజులు కూలికి వెళ్తూ, బాలామృతం పొట్లాన్ని ఇంట్లో అందరూ పంచుకుంటూ, విడిపాలు పావు లీటరు మాత్రమే కొంటూ ఉంటే, లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అప్పుడు ఏఎన్ఎం చెంచాలోని రెండు లక్షలే ఆ పాపకు ఆరు నెలల ఆసరా. తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఆ తొమ్మిది మోతాదులకూ గడులుంటాయి, పోసిన తేదీ అందులో రాస్తారు. షాపులో కొన్న సీసాకు ఆ కార్డులో గడి లేదు.